పాట ఇచ్చినోళ్ల లెక్క: రేబర్తి నుంచి చల్లగరిగ దాకా

సింగర్ల మీద రాసే ఆర్టికల్స్‌కి ఒక ఫిక్స్‌డ్ వరుస ఉంటది. ముందు పేదరికం, తర్వాత ఒక బ్రేక్, తర్వాత అవార్డుల లిస్టు, ఆఖర్ల "సేవా కార్యక్రమాలు" అని హెడ్డింగ్ పెట్టి ఎన్ని ఆపరేషన్లు చేయించిండు, ఎన్ని లక్షలు ఇచ్చిండు అని రెండు పేరాలు. ఓరుగల్లు, కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు పాట రాసి పాడినోళ్ల మీద కూడా ఇదే వరుసల రాద్దామని కూసుంటే మొదటి మూడు భాగాలు సాఫీగనే నడుస్తయ్, ఆఖరి సేవ భాగం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగుతది. అక్కడ రాయనీకి ట్రస్టులు ఉండయి, ఫౌండేషన్లు ఉండయి, రిబ్బన్ కట్ చేసే ఫొటోలు ఒకటో రెండో దొరుకుతయ్. అట్లని వీళ్లు ఏం ఇయ్యలేదంటే తప్పు. పాటనే ఇచ్చేసిన్రు, దాని మీద హక్కు కాయితం కూడా రాసుకోకుండ ఇచ్చేసిన్రు, ఆ పాటతోటి మీటింగులు నడిచినయ్, సినిమాలు నడిచినయ్, పార్టీలు గెలిచినయ్. కాబట్టి వీళ్ల సాయం గురించి మాట్లాడాలంటే ముందు వీళ్లకు రావాల్సింది వచ్చిందా లేదా చూడాలె. ఆ లెక్క తేలకుండ దానం గురించి రాస్తే సగం కథనే అయితది.

అందెశ్రీతోటి మొదలుపెడదాం. 1961 జూలై 18న పుట్టిండు, ఊరు రేబర్తి, మద్దూరు మండలం. అప్పట్ల వరంగల్ జిల్లా, 2016ల జిల్లాలు విడగొట్టినంక సిద్దిపేటల పడ్డది. అసలు పేరు అందె ఎల్లయ్య. చిన్నప్పటి నుంచే అండ లేని బతుకు, బడికి పోయింది లేదు, జీవాలు కాసిండు, పెద్దయినంక తాపీ పని చేసిండు. పాడుకుంటుంటే శంకర్ మహారాజ్ అనే స్వామి విని చేరదీసిండని చెప్తరు, అక్కడి నుంచి పాట ఒక దారిల పడ్డది. తర్వాత్తర్వాత కాకతీయ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2025 నవంబర్ 10న హైదరాబాద్‌ల చనిపోయిండు, మరుసటి రోజు ఘట్‌కేసర్ దగ్గర ప్రభుత్వ లాంఛనాలతోటి అంత్యక్రియలు జరిగినయ్, ముఖ్యమంత్రి పాడె మోసిండు.

ఆ రోజు పేపర్లు, టీవీలు, ఫేస్‌బుక్ పోస్టులు అన్నిట్ల ఒకటే లైను: బడి మొహం చూడనోనికి డాక్టరేట్. లైను బాగుంటది, నిజమే కూడా, కానీ దీన్ని అందరు కలిసి అరగదీసిన్రు. బడికి పోలేదంటే నేర్చుకోలేదని కాదు కదా. రేబర్తి చుట్టుపక్కల ఏముందో చూస్తే అర్థమైతది. ఒక దిక్కు కొమురవెల్లి మల్లన్న, సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర, ఒగ్గు పూజారులు రాత్రంత డోలు కొట్టుకుంట మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పే చోటు అది. ఇంకో దిక్కు చేర్యాల, నకాశీ పటాలకు పేరున్న ఊరు, ఆ బొమ్మల పటం ముందర పెట్టుకోనే కుల పురాణాలు పాడేటోళ్లు. జనగామ దిక్కు మాణిక్యపురం పోతే ఒగ్గు కథల దేశమంత పేరు తెచ్చుకున్న చుక్క సత్తయ్య ఊరు, ఆయనకు కూడా కాకతీయ యూనివర్సిటీనే డాక్టరేట్ ఇచ్చింది. అదే జనగామ దిక్కు చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యది, 2024ల పద్మశ్రీ వచ్చింది. జీవాలెంట తిరిగే పిలగాడు ఇసొంటి చోట పెరిగితే వాని చెవుల ఎన్ని దరువులు, ఎన్ని ప్రాసలు పడ్తయో అంచనా వేసుకోవచ్చు.

ఈ పాట తయారయ్యే పద్ధతి వేరే ఉంటది. ముందు బాణీ వస్తది, దాని మీద పల్లవి కూసుంటది. పల్లవి ఎంత చిన్నగుంటే అంత మంచిది, రెండోసారి పాడేసరికి ఎదురుంగ ఉన్న జనానికి నోటికి రావాలె. చరణం ఆఖర్ల మళ్లీ పల్లవిల పడేటట్టు ఒక తిప్పు పెడ్తరు, అక్కడ వంత పాడేటోళ్లు అందుకుంటరు, ఆ గ్యాప్‌లనే పాడేటాయన ఊపిరి తీసుకుంటడు, తర్వాతి చరణం గుర్తు చేసుకుంటడు. కాయితం లేకుండ పొడుగు పాటలు గుర్తుండేది ఇందుకే. ఇంకోటి, ఊరు మారినప్పుడు చరణం మారుతది, వరంగల్ మీటింగుల వరంగల్ ముచ్చట, మంథనిల మంథని ముచ్చట. పాట ఎప్పటికీ పూర్తికాదు. స్టేజీ మీద ఇది బలం, కానీ చట్టం దగ్గరికి పోయినప్పుడు ఇదే బలహీనత అయితది, ఆ సంగతి కిందికి పోయినంక.

అందెశ్రీ పేరు రాష్ట్రమంతా తెలిసింది మనిషన్నవాడు మాయమైపోతున్నడని బాధపడే పాటతోటి, ఆర్.నారాయణమూర్తి సినిమాలకు ఎక్కినంక ఇంటింటికి పోయింది. గంగ అనే సినిమాకు 2006 నంది అవార్డు వచ్చింది. అయితే సినిమా ఆయనకు అసలు ఇల్లు కాదు, వచ్చిపోయే జాగనే. అసలు జాగ మీటింగు. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం అనే ఉద్యమ పాటల ప్రోగ్రాం తర్వాత పదేండ్లు తెలంగాణల పాట లేకుండ సభ జరిగింది లేదు, లీడర్లు వచ్చేది లేటైతే జనాన్ని కూసోబెట్టేది పాటగాళ్లే, లీడర్ మాట్లాడినంక జనాన్ని లేపేది కూడ వాళ్లే. ఆ స్టేజీలెక్కిన ఎక్కువ మందికి రెమ్యునరేషన్ అనే మాటనే లేకుండె, బండి కిరాయి, అన్నం, ఒక శాలువా. ఎవ్వరు అడగలే, అడగాలని కూడా అనుకోలే, ఉద్యమం మనది అన్నప్పుడు పైసల ముచ్చట తీస్తే చిన్నతనం లెక్క ఉంటది. ఈ భావమే గొప్పది, ఈ భావాన్నే అందరు వాడుకున్నరు కూడ.

జయజయహే తెలంగాణ అట్లనే బడులల్ల ప్రేయర్ అయింది, జేఏసీ మీటింగులల్ల మొదటి పాట అయింది, ఏ జీవో లేకుండనే రాష్ట్ర గీతం అయింది. 2014ల రాష్ట్రం వచ్చింది, పాటకు మాత్రం అధికార ముద్ర రాలే. పదేండ్లయినంక 2024 ఫిబ్రవరిల కేబినెట్ ఒప్పుకుంది, 2024 జూన్ 2న పరేడ్ గ్రౌండ్స్‌ల కీరవాణి మ్యూజిక్‌తోటి విడుదల చేసిన్రు, ఫంక్షన్లల్ల పాడనీకి రెండున్నర నిమిషాల చిన్న వెర్షన్ ఒకటి, ఫుల్ వెర్షన్ ఒకటి. పాట రాసినప్పుడు తెలంగాణకు పది జిల్లాలే, ఇప్పుడు 33, అందుకే ఆ మాట ఉన్న చోట మార్పు చెయ్యాల్సి వచ్చింది. పాట పదేండ్లు ఆగిందంటే దాని కింద భూమి గూడ మారిపోతది అనడానికి ఇంతకంటె రుజువు అక్కర్లే.

అప్పుడు పెద్ద లొల్లి అయింది గుర్తుంటది, తెలంగాణ పాటకు ఆంధ్ర మ్యూజిక్ డైరెక్టర్ ఎందుకని ఇక్కడి సినీ మ్యుజీషియన్లు లెటర్ రాసిన్రు, టీవీలల్ల డిబేట్లు నడిచినయ్. ఆ ప్రశ్న అడగొద్దని కాదు. కానీ ట్యూన్ ఎవరు చెయ్యాలె అన్న దాని మీద పడ్డ కొట్లాటల సగం కూడా, ఇన్నేండ్లు ఈ పాటను వాడుకున్న క్యాసెట్లకు, సీడీలకు, యూట్యూబ్ ఛానళ్లకు రాసినాయన వాటా ఎంత అన్న దాని మీద పడలే. ప్రాంతం గురించి మాట్లాడుడు తేలిక, రాయల్టీ గురించి మాట్లాడాలంటే లెక్కలు తియ్యాలె.

ఇగ చట్టం ఏమంటదో చూద్దాం. కాపీరైట్ చట్టం 1957ది, 2012ల దాన్ని సవరించిన్రు. ఆ సవరణల సినిమా పాట రాసినాయనకు, ట్యూన్ కట్టినాయనకు ఒక గట్టి హక్కు వచ్చింది: సినిమా థియేటర్ల ఆడినప్పుడు తప్ప మిగతా ఏ రకంగ పాట వాడినా వచ్చే రాయల్టీల సమాన వాటా ఉంటది, ఆ వాటా వద్దని నిర్మాతకు సంతకం పెట్టిచ్చినా ఆ సంతకం చెల్లదు. సినిమాల లేని పాటలకు, రికార్డయిన ఆల్బం పాటలకు కూడ ఇట్లాంటి వాటానే ఉంది. ఈ పైసలు వసూలు చేసి పంచేది ఐపీఆర్ఎస్ అనే సొసైటీ, 1969 నుంచి ఉంది. పాడినోళ్ల హక్కు దీనికి వేరే, దానికి వేరే సొసైటీ. రాసినోళ్ల హక్కు బతికినన్ని రోజులు, పోయినంక ఇంకో 60 ఏండ్లు.

కాయితం మీద ఇంత బాగుంది, మరి ఊర్ల పాట కట్టినాయనకు ఎందుకు రాదు? ఒకటి, మెంబర్ కావాలె, ఏ పాట తనదో రిజిస్టర్ చేసుకోవాలె, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఫారాలు. రెండోది ఇంకా పెద్ద ఇబ్బంది. స్టేజీ మీద పుట్టిన పాటకు పుట్టిన తేదీ ఉండది. ఎవరో టేప్ రికార్డర్‌ల పట్టుకుంటరు, ఇంకెవరో క్యాసెట్ వేస్తరు, క్యాసెట్ మీద "సాహిత్యం: జానపదం" అని అచ్చేస్తరు, లేకుంటే "సేకరణ: ఫలానా". ఒక్కసారి జానపదం అని పడ్డదంటే అది అందరిదీ, అంటే ఎవరిదీ కాదు, ముందు రికార్డింగ్ అప్‌లోడ్ చేసిన కంపెనీదే. యూట్యూబ్ల ఏ పాట ఎవరిదో గుర్తుపట్టే కంటెంట్ ఐడీ అనే మిషన్ ఉంది చూడు, దానికి పాట కట్టిన మనిషి తెల్వదు, ఫైలు ఇచ్చిన లేబుల్ తెలుసు. అసలు పాట కట్టినాయన తన ఫోన్ల పాడి పెట్టుకుంటే ఆయనకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చే పరిస్థితి కూడ ఉంటది.

2021ల సారంగదరియా పాట మీద నడిచిన గొడవ ఇందుకు మంచి ఉదాహరణ. ఎప్పటి నుంచో జనం నోట్ల ఉన్న పల్లవి, దాన్ని వెతికి టీవీ ప్రోగ్రాంల పాడిన ఆమె ఒకరు, సినిమాకు కొత్త చరణాలు రాసింది సుద్దాల అశోక్‌తేజ, సినిమా లవ్‌స్టోరీ. పాట కోట్ల వ్యూస్‌కి పోయినంక ఇది నేను తెచ్చిన పాట అని ఆమె అడిగింది, చివరికి డైరెక్టరే బయటికొచ్చి క్రెడిట్ గురించి, పైసల గురించి వివరణ ఇయ్యాల్సి వచ్చింది. అక్కడ ఎవరు దొంగ, ఎవరు దొర అని తీర్పు చెప్పుడు అంత ఈజీ కాదు, ఎందుకంటే పాత పల్లవికి నిజంగనే ఓనర్ లేడు. కానీ ఒక ముసలామె నోట్ల నుంచి పాట తీసి, పోయేదాన్ని పోనియ్యకుండ పట్టుకున్న శ్రమకు మన దగ్గర పేరే లేదు, దానికి చట్టంల గూడ సరైన గది లేదు.

కరీంనగర్ దాటి పైకి పోతే గూడ అంజయ్య. ఇప్పటి మంచిర్యాల జిల్లా లింగాపూర్ ఆయనది, ఊరు మనదిరా అన్న పాట దేశంల చాలా భాషలల్లకు పోయింది. ఆయన బతుకుల ఒక తమాషా ఏందంటే ఉద్యోగం గవర్నమెంట్ ఆరోగ్య శాఖల ఫార్మసిస్ట్, రాసిన పాటలల్ల జనానికి బాగా ఎక్కింది సర్కారు దవాఖానకు రాను బిడ్డో అని ముసలోళ్లు మొత్తుకునే పాట. మందులిచ్చే కిటికీ లోపలి నుంచి చూసినోడు రాసిండు కాబట్టే అది అంత కరెక్ట్‌గ తగిలింది. నెల నెలా జీతం వస్తుండె కాబట్టి పాటను అమ్ముకోవాల్సిన అవసరం పడలే. అంటే అంజయ్య పాటకు స్పాన్సర్ ఎవరు? ఆయన జీతమే, ఆ లెక్కన ఆయన తిట్టిన సర్కారే. జీతం లేని పాటగాడు ఇంత ధైర్యంగ పాట పంచగలడా అన్నది ఆలోచించాల్సిన ముచ్చట. అంజయ్య 2016 జూన్‌ల పోయిండు.

గద్దర్ దగ్గర ఇది తలకిందులయితది. తూప్రాన్‌ల పుట్టిన గుమ్మడి విఠల్‌రావు కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలిపెట్టి పాటతోటి పోయిండు. ఆయన రాజకీయాలు నచ్చినోళ్లు ఉన్నరు, అస్సలు నచ్చనోళ్లు ఉన్నరు, ఆ చర్చ ఇక్కడ వద్దు. వరంగల్‌కు ఆయన పాట అంటే 1990 మే నెల రైతుకూలీ సంఘం సభలే గుర్తుకొస్తయ్, లక్షల మంది జనం, గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరనే కాల్పులు జరిగినయ్, ఒక బుల్లెట్ ఒంట్లనే ఉండిపోయింది, దాంతోనే 26 ఏండ్లు పాడిండు. సినిమా పాటకు నంది అవార్డిస్తే వద్దన్నడు. సేవ అనే గడిల రాయాలంటే ఆయన ఇంటోళ్లు అల్వాల్‌ల నడిపిన మహాబోధి విద్యాలయం రాయాలె, పేద పిల్లల బడి. 2023 ఆగస్టు 6న పోయినంక ఆయనను సమాధి చేసింది ఆ బడి ఆవరణలనే. విచిత్రం ఏందంటే అవార్డు వద్దన్న మనిషి పేరు మీదనే ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులు ఇస్తుంది, నంది పోయి గద్దర్ వచ్చింది, 2025 జూన్‌ల మొదటి ఫంక్షన్ అయింది. ఆయన ఉంటే ఏమనేటోడో తెల్వదు గానీ ఒక పాట మాత్రం కట్టేటోడు.

ఆ మొదటి గద్దర్ అవార్డులల్ల ఉత్తమ గేయ రచయిత చంద్రబోస్, మళ్లీ మన ఓరుగల్లు మనిషే. చల్లగరిగ, చిట్యాల మండలం, పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి. జేఎన్టీయూల ఇంజనీరింగ్ చదివి సింగర్ అయితా అని తిరిగిండు, అది కుదరక పాట రాసుడుకు వచ్చిండు, 1995ల తాజ్‌మహల్ సినిమాతోటి మొదలైంది, మధ్య మధ్యల పాడుడు కూడ మానలే. 2023 మార్చిల నాటు నాటు పాటకు కీరవాణితోటి కలిసి ఆస్కార్, అదే ఏడాది కొండపొలం పాటకు నేషనల్ అవార్డు. వీళ్లందరిల అచ్చమైన ప్రొఫెషనల్ ఆయననే, అంటే పాట ఇస్తే పైసలొచ్చే సిస్టమ్ల పనిచేసినాయన. కాబట్టి సినిమా వాళ్ల మీద రాసే పద్ధతిల ఆఖరి సేవ భాగం రాయనీకి వీలయ్యేది కూడ ఆయన మీదనే: ఆస్కార్ వచ్చినంక సొంత పైసలతోటి ఊర్ల లైబ్రరీ కట్టించిండు, పేరు ఆస్కార్ గ్రంథాలయం, 2024 జూలైల ఓపెన్ అయింది.

గుడి కట్టిస్తే ఊరంతా మొక్కుతది, ఫంక్షన్ హాల్ కట్టిస్తే పెండ్లిళ్లకు పనికొస్తది, లైబ్రరీ కట్టిస్తే మెచ్చుకునేటోళ్లు తక్కువ, అందుకే ఈ ఎంపిక ఇంట్రెస్టింగ్. అయితే బిల్డింగ్ ఒకసారి ఖర్చు, నడుపుడు రోజు ఖర్చు. పేపర్ బిల్లు, కరెంట్ బిల్లు, తాళం తీసే మనిషి జీతం. మన దగ్గర లైబ్రరీలకు పైసలు రావాల్సింది ఇంటి పన్నుల నుంచి, పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ అని పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. వసూలు అయితది, కట్టుడు దగ్గర బకాయిలు పేరుకుపోతయ్, ఇది ఏండ్ల సంది ఉన్న రోగం. ఇంకోటి, ఇప్పుడు ఊర్ల లైబ్రరీకి పోయేది కథలు, కవిత్వం చదవనీకి కాదు, కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీ ప్రిపేర్ అయ్యేటోళ్లకు అది రీడింగ్ రూం. హన్మకొండల కోచింగ్‌కు పోతే రూం కిరాయి, మెస్ బిల్లు, ఫీజు కలిపి ఇంట్ల ఆవును అమ్ముకోవాల్సిన పరిస్థితి ఉంటది, ఊర్లనే ఒక టేబుల్, ఒక ఫ్యాన్, తాజా కరెంట్ అఫైర్స్ పుస్తకం దొరికితే ఆ పిల్లలకు అది చిన్న సాయం కాదు. సినిమా పాటల పైసలు పోటీ పరీక్షల టేబుల్ అయినయ్ అంటే కవిత్వం లేనట్టు వినపడ్తది గానీ ఇంత సూటిగ పనికొచ్చేది ఇంకోటి దొరుకుడు కష్టం.

ఇగ రెండో దిక్కు చూడాలె. సాయం పాటగాడి నుంచి బయటికి పోయిన కథలు ఇవి. సాయం పాటగాడి దగ్గరికి రావాల్సి వచ్చిన కథలే ఎక్కువ, వాటి గురించి చప్పుడు తక్కువ. దుగ్గొండి మండలం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు బుడగజంగాల కళాకారులు, చావింట్ల కథ చెప్పి ఏడిపించే కళ వాళ్లది. 2023 మార్చిల వచ్చిన బలగం సినిమాల ఆఖరి పాట వాళ్లు పాడితే థియేటర్లల్ల ఏడ్వనోళ్లు లేరు, ఊర్ల కూడల్లల్ల తెర కట్టి సినిమా చూసిన్రు, మాటలు లేని అన్నదమ్ములు కలిసిన్రని వార్తలొచ్చినయ్. అదే టైంల మొగిలయ్యకు కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తుండె. వీడియోలు వైరల్ అయినంక ప్రభుత్వం నిమ్స్‌ల చూపించింది, సినిమా వాళ్లు సాయం చేసిన్రు. 2024 డిసెంబర్ 19న పోయిండు.

ఇక్కడ ఎవ్వరిని తప్పు పట్టుడు కాదు, సాయం పద్ధతి గురించి మాట. డయాలసిస్ అంటే మామూలుగ వారానికి రెండు మూడు సార్లు, బతికినన్ని రోజులు. సర్కారు దవాఖానల డయాలసిస్ ఫ్రీ ఉన్నా దుగ్గొండి నుంచి వరంగల్‌కు పోను రాను ఆటో కిరాయి ఫ్రీ కాదు, తోడు పోయేటామె ఆ రోజు కూలి ఫ్రీ కాదు, సూదులు పెట్టే రక్తనాళం పనిచేయకుంటే మళ్లీ ఆపరేషన్. ఇది నెల నెలా వచ్చే ఖర్చు. మన సాయం మాత్రం వీడియో వైరల్ అయినప్పుడు ఒక చెక్కు లెక్కన వస్తది, తర్వాత వైరల్ కానీకి రోగం ఇంకా ముదరాలె.

ఒక్కసారే పెద్ద మొత్తం ఇస్తే సరిపోతదా అంటే దానికి జవాబు కిన్నెర మొగిలయ్య. ఈయన వేరే మొగిలయ్య, నాగర్‌కర్నూల్ దిక్కు, 2022 పద్మశ్రీ, పేర్లు ఒకటే కాబట్టి సోషల్ మీడియాల ఇద్దరి ఫొటోలు కలిపి రాసేటోళ్లు బొచ్చెడు మంది. ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది, 2024 మే నెలల చూస్తే హైదరాబాద్ శివారుల కన్‌స్ట్రక్షన్ సైట్ల కూలి పని చేస్తున్నడు. ఇంత పైసలు ఎట్ల అయిపోయినయ్ అని కామెంట్లు పెట్టినోళ్లు ఉన్నరు, జీవితమంతా చేతిల పైసలు లేనోని ఇంట్ల ఎన్ని అప్పులు, ఎన్ని పెండ్లిళ్లు, ఎన్ని రోగాలు లైన్ల నిలబడి ఉంటయో తెలిస్తే ఆ కామెంట్ పెట్టరు. కోటి కంటే నెలకు ఇంత అని ఆగకుండ వచ్చేదే ముసలితనంల ఆసరా. కేంద్రం స్కీం ఒకటి ఉంది, 60 ఏండ్లు దాటిన పేద కళాకారులకు నెలకు 6,000 దాకా, కానీ దానికి కళాకారుడని రుజువులు పెట్టాలె, ఆదాయం సర్టిఫికెట్ పెట్టాలె. రాత్రంత కథ చెప్పి పొద్దుగాల గింజలు తీసుకోని పోయినోని దగ్గర ఏ సర్టిఫికెట్ ఉంటది?

రాష్ట్రం వచ్చినంక చేసిన పెద్ద ప్రయోగం సాంస్కృతిక సారథి. 550 మంది కళాకారులకు నెల జీతం, మొదటి చైర్మన్ రసమయి బాలకిషన్, 2024 నవంబర్ నుంచి గద్దర్ బిడ్డ వెన్నెల. జీతం వచ్చింది, ఇంట్ల పొయ్యి వెలిగింది, ఇది చిన్న విషయం కాదు, ఉద్యమంల గొంతు పోగొట్టుకున్నోళ్లకు ఇంతకంటే సూటి మేలు ఏ సర్కారు చెయ్యలే. దాని ఇంకో మొఖం ఏందంటే నిన్నటి దాకా సర్కారును నిలదీసిన పాట ఇయ్యాల సర్కారు స్కీం మీద పాడుతది, చెట్లు నాటుమని, ఓటెయ్యుమని. గూడ అంజయ్య జీతం తీసుకోని జీతమిచ్చినోని మీద పాట రాసిండు ఎందుకంటే ఆయన జీతం మందుల కిటికీ దగ్గర పనికి వచ్చేది. పాటకే జీతం ఇస్తే పాట ఎటు ఒరుగుతదో చెప్పనవసరం లేదు.

2024 డిసెంబర్ 9న రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ కవులు, కళాకారులల్ల తొమ్మిది మంది పేర్లు చెప్పింది, ఒక్కొక్కరికి కోటి రూపాయలు, 300 గజాల జాగ, 2025 జూన్ 2న సన్మానం. ఆ లిస్టుల అందెశ్రీ, గోరటి వెంకన్న, జయరాజ్, సుద్దాల అశోక్‌తేజ ఉన్నరు, గద్దర్, గూడ అంజయ్య, బండి యాదగిరి పేర్లు కూడ ఉన్నయ్ కానీ ఈ ముగ్గురు అప్పటికే లేరు, అందుకున్నది కుటుంబాలు. తొమ్మిదిల మూడు. అందెశ్రీ ఆ సన్మానం తర్వాత అయిదు నెలలు బతికిండు. ఇచ్చుడు మంచిదే, ఎవ్వరు కాదనరు, కానీ దీన్ని బహుమతి అనుడు కంటే పాత బాకీల ఒక కిస్తీ అనుడు న్యాయం.

ఇప్పుడొచ్చిన పిల్లల పరిస్థితి వేరే. వరంగల్, కరీంనగర్, జగిత్యాల దిక్కు చిన్న చిన్న స్టూడియోలు, సొంత ఛానళ్లు, బతుకమ్మకు నెల ముందు నుంచి పాటల మీద పాటలు, పెండ్లి బరాత్ పాటలు. సింగర్‌కు యూట్యూబ్ కంటే స్టేజీ ప్రోగ్రాంల పైసలు ఎక్కువ, వ్యూస్ అనేది రేటు పెంచుకోనీకే. కానీ పాట రాసిన పిలగాడు ఎక్కడ ఉన్నడు? చాలా కేసులల్ల రెండు మూడు వేలో అయిదు వేలో ఒక్కసారి తీసుకోని వెళ్లిపోయిండు, డిస్క్రిప్షన్ల పేరుంటే ఉన్నట్టు. ప్రొడ్యూసర్ సాకు కూడ కొట్టిపారేసేది కాదు, పది పాటలల్ల తొమ్మిది మునుగుతయ్, డ్యాన్సర్లు, కెమెరా, ఎడిటింగ్ ఖర్చు ఆయనదే. అందుకే ముందుగాల మాట్లాడుకునేది వాటా గురించి ఉండాలె, పాట హిట్టయితే ఇంత పర్సెంట్ అని, వాట్సాప్ మెసేజ్ అయినా సరే రాతల ఉండాలె, "జానపదం" అని వెయ్యొద్దు, రాసినోని పేరు వెయ్యాలె. రాసినోడు కూడ పాట పాడిన రోజే ఫోన్ల రికార్డు చేసి తన మెయిల్‌కు తనే పంపుకోవాలె, తేదీ పడ్తది. ఐపీఆర్ఎస్ మెంబర్‌షిప్‌కు ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఉంటే ఆన్‌లైన్లనే అయితది.

పాత తరం ఇండ్లల్ల చెయ్యాల్సిన పని కూడ ఉంది. రాసినాయన పోయిన సంవత్సరం అయిపోయినంక 60 ఏండ్లు హక్కు ఉంటది కాబట్టి, ఎవరికన్న పూర్తిగ రాసిచ్చి ఉంటే తప్ప, గూడ అంజయ్య పాటల మీద వాళ్ల ఇంటోళ్లకు 2076 దాకా హక్కుంది, గద్దర్ పాటల మీద 2083 దాకా, అందెశ్రీ పాటల మీద 2085 దాకా. పాత క్యాసెట్ల కవర్లు, మీటింగు కరపత్రాలు, పాటల పుస్తకాల చిన్న చిన్న ప్రింట్లు ఎక్కడున్నా జమ చేసి పెట్టుకోవాలె, ఏ పాట ఎవరిదో రేపు అడిగినప్పుడు చూపించాల్సింది అవే.